గుల్నార్ ఊపిరి

హుజూరాబాద్‌లో ఫజలుద్దీన్ అంటే ఎవరా అని ఆలోచించేవాళ్లుంటారు గానీ, గుర్రం ఫజల్ భాయ్ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఆయన తండ్రి జమ్మికుంట స్టేషన్ నుంచి హుజూరాబాద్ దాకా టాంగా తోలాడు. ఆటోలు వచ్చాక టాంగా చక్రాలు కోళ్లగూడు పక్కన పడి చెదలు పట్టాయి. గుర్రం మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అది పోయాక ఇంకొకటి వచ్చింది, దాని తర్వాత మరొకటి. ఫజలుద్దీన్ చేతికి వచ్చేసరికి గుర్రానికి మిగిలింది ఒకటే పని, బరాత్‌లో పెళ్లికొడుకును మోయడం.

ఆయన చివరి గుర్రం పేరు గుల్నార్. ఎర్రమట్టి రంగు ఆడగుర్రం, నుదుటి మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ. నాందేడ్ అవతల మాలెగావ్ జాతరలో రెండేళ్ల పిల్లగా కొన్నాడు. లారీలో ఎక్కిస్తే బెదురుతుందని పగ్గం చేతబట్టుకుని పన్నెండు రోజులు నడిపించుకుంటూ తెచ్చాడు. బాసర దగ్గర గోదావరి వంతెన మీద అది కాలు పెట్టనంది. కింద నీళ్లు కదులుతుంటే వంతెనే కదులుతోందనుకుంది కాబోలు. వెనక ఆగిన లారీ డ్రైవరు దిగివచ్చి రెండు తగిలించమన్నాడు. ఫజలుద్దీన్ తగిలించలేదు. పొద్దున పదింటికి వంతెన మొదట్లో కూర్చుని, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. తాను పది అడుగులు నడిచేవాడు, వెనక్కి వచ్చేవాడు, దాని మెడ నిమిరేవాడు. చివరికి అది తన ముక్కును ఆయన వీపుకు ఆనించి, కళ్లు సగం మూసుకుని, ఆయన అడుగులో అడుగు వేస్తూ వంతెన దాటింది. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఆయన మాట అది కాదన్న రోజు లేదు.

ఎనిమిదేళ్ల కింద బజారులో ఆటో గుద్ది ఫజలుద్దీన్ కాలు విరిగింది. రోడ్డు మీద పడివున్న మనిషిని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తినవాడు యేసుదాసు. ఊరి బయట మూడెకరాలు చేసుకునే రైతు, మెథడిస్టు చర్చిలో ఆదివారం డోలక్ వాయిస్తాడు. అంతకుముందు ఇద్దరికీ ముఖపరిచయమే. కాలికి కట్టు విప్పేదాకా నలభై రోజులు రోజూ పొద్దున వచ్చి గుల్నార్‌కు గడ్డి వేసి, ఉలవలు పెట్టి, డెక్కలు కడిగి పోయాడు. యేసుదాసు సైకిల్ బెల్లు వినబడితే గుల్నార్ చెవులు నిక్కించేది. అప్పటినుంచి అతను ఫజలుద్దీన్‌ను భాయ్ అని, ఫజలుద్దీన్ అతన్ని తమ్మీ అని పిలుచుకున్నారు.

ఫజలుద్దీన్, మక్సూదాలకు ఒక్కతే కూతురు, ఫిర్దోస్. చిన్నప్పుడు గోడల నిండా బొగ్గుతో గుర్రాలు గీసింది. పెద్దయ్యాక హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుని, వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. వాళ్లు ఆరువందల ఏళ్ల కిందటి దక్కన్ యుద్ధాల మీద ఒక గేము చేస్తున్నారు. ఆడేవాడే రాజు. వేలమంది సైన్యాన్ని నిలబెట్టాలి, నడపాలి, గెలవాలి. అందులో గుర్రపు దండు పని ఫిర్దోస్ మీద పడింది. రంజాన్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి తండ్రి ముందు పెట్టింది.

తెర మీద నాలుగు వందల గుర్రాలు గుట్ట దిగి దౌడు తీస్తూ వచ్చాయి. ఎదురుగా ఈటెలు పట్టుకుని వరుసకట్టిన కాల్బలం. గుర్రాలు ఆగకుండా నేరుగా వెళ్లి గుద్దాయి. మనుషులు తూర్పారబట్టిన పొల్లులాగా గాలిలోకి ఎగిరారు. గుర్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి మళ్లీ గుద్దాయి.

"ఎట్లున్నది, అబ్బా?" అని ఆశగా అడిగింది.

ఫజలుద్దీన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. "మోటర్‌సైకిళ్లు మంచిగున్నయి బేటీ. గుర్రాలేవి?"

వంటింట్లోంచి మక్సూదా పకపకా నవ్వింది. ఫిర్దోస్ ముఖం చిన్నబుచ్చుకుంది గానీ, ఫోను తీసి రాసుకోవడానికి సిద్ధమైంది. "ఏది తప్పో చెప్పు మరి."

"ఒక్కటా? గుట్ట మీదికెల్లి గీడిదాక దౌడేనా? మీద ఇనుప అంగీ తొడుక్కున్న మనిషున్నడు. గట్ల ఉరికిస్తే ఈటెల కాడికొచ్చేసరికి దాని పని అయిపోతది. ముందుగాల నడిపియ్యాలె. ఆఖరికి గా మజీదు గోడంత దూరముండంగ ఇడవాలె. ఎంత మంచి గుర్రమైనా గంత బరువుతోని నిండు దౌడు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత దానికి ఊపిరి కావాలె."

"మరి గుద్దుడు?"

"గుర్రం గుద్దది బేటీ. మనుషులు ఒకల్నొకలు ఆనుకొని నిలవడితే దానికి గోడ లెక్క కనవడ్తది. గోడకు పోయి ఎవ్వలన్న తల కొట్టుకుంటరా? పక్కకు మర్లుతది, లేకుంటే ముంగటి కాళ్లు ఆనిచ్చి ఆగుతది. బాసర వంతెన మీద కాలు పెట్టని గుర్రం ఈటెల మీదికి పోతదా?"

"మరి గుర్రాలతోని యుద్ధాలెట్ల గెలిచిండ్రు?"

ఫజలుద్దీన్ ఏ యుద్ధం గురించీ చదివినవాడు కాదు. "బరాత్‌ల చూస్తం గదా. గుర్రం జర బెదిరి ముందుకు దుంకితే చాలు, పదిమంది పక్కకు ఉరుకుతరు. గదే అయ్యుంటది. అవి వచ్చుడు చూసి మనుషుల గుండె జారుతది, వరుస ఇడిపోతది. ఉరికేటోని ఎనుకవడ్డంక గుర్రానిదే రాజ్యం. నిలవడ్డోని ముంగట దానికి ఏం లేదు."

ఫిర్దోస్ వేళ్లు ఫోను మీద ఆగకుండా కదులుతున్నాయి. కింద పడ్డవాణ్ని గుర్రం కావాలని తొక్కదని, దాటిపోతుందని చెప్పాడు. ఉన్నచోట బొంగరంలా తిరగదని, తిరగాలంటే దానికి ఎకరమంత జాగా కావాలని చెప్పాడు. చివరికి చప్పుడు పెంచమని విన్నాడు.

"గిది కుక్క రొప్పినట్టున్నది. గుర్రం నోటితోని ఊపిరి తీస్కోదు, ఉత్త ముక్కుతోనే. ఇంటే తెలుస్తది."

ఆ మాటలు కంపెనీలో పనిచేశాయి. సంక్రాంతి సెలవులు అయిపోగానే ఫిర్దోస్ కెమెరాలతో, మైకులతో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. కాలేజీ గ్రౌండులో మూడు రోజులు గుల్నార్‌ను నడిపించారు, పరుగెత్తించారు, వెదురు కర్రలు పట్టుకున్న మనుషుల ఎదురుగా తోలారు. అది ప్రతిసారీ నాలుగు బారల దూరంలోనే పక్కకు తిరిగిపోయింది. ఒకసారి నిండు దౌడు తీయించాక కెమెరా పట్టిన అతను ఇంకొక్కసారి అన్నాడు.

"ఇయ్యాల్టికి అయిపోయింది," అన్నాడు ఫజలుద్దీన్. "దాని డొక్కలు చూడుర్రి. నాకు కనవడ్తున్నది, మీకు కనవడ్తలే."

ఆయన గుల్నార్‌ను గ్రౌండు చుట్టూ నెమ్మదిగా నడిపిస్తుంటే, జీను పట్టీకి కట్టిన మైకు ఆపడం మరిచిపోయారు. కోసుకుపోతున్నట్టు మొదలైన ఊపిరి, అరగంటలో తగ్గి తగ్గి, చివరికి ఒక పెద్ద నిట్టూర్పుతో సర్దుకోవడం మొత్తం అందులో పడింది. అది విని, ఇంతకాలం తాను వెతికింది ఇదేనంటూ ఫిర్దోస్ తండ్రి భుజం మీద తల పెట్టింది.

ఆ మే నెలలో ఎండలు దంచేశాయి. ఒక బుధవారం పొద్దున్నే ఏడింటికి గుల్నార్‌కు ఒక బరాత్ ఉంది. తొమ్మిదింటికల్లా ముగిసింది. ఫజలుద్దీన్ దాన్ని ఇంటికి తెచ్చి, నీళ్లు పోసి, వేపచెట్టు నీడన కట్టేశాడు. పన్నెండు దాటాక యేసుదాసు ఫోను చేశాడు. ఆ రోజే అతని కొడుకు వెస్లీ పెళ్లి. చర్చిలో ప్రమాణాలు అయిపోయాయి. అక్కడినుంచి ఫంక్షన్ హాలుకు బరాత్. కరీంనగర్ నుంచి రావాల్సిన గుర్రం రాలేదు, తెచ్చే బండి దారిలో చెడిపోయింది.

"భాయ్, పిల్ల తరఫోళ్లు అందరూ నిలవడ్డరు. అర్ధగంట పని. ఇంకెవల్నడగాలె నేను?"

ఫజలుద్దీన్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుల్నార్ వైపు చూశాడు. అది తల వంచి, ఒక వెనకకాలు సడలించి నిలబడి ఉంది. పొద్దటి పని అలసట ఇంకా పోలేదని చూస్తేనే తెలుస్తోంది. మక్సూదా చేత్తో వద్దు వద్దని సైగ చేసింది.

"వస్తున్న తమ్మీ," అన్నాడు.

ఫోను పెట్టేయగానే మక్సూదా ఎదురొచ్చింది. "గీ ఎండల రెండోసారా? మనిషే నిలవడలేడు."

"నా కాలు విరిగిననాడు యేసుదాసు ఎండ చూసిండా?" అన్నాడు. ఆమె లోపలికి పోయి నీళ్ల బకెట్ తెచ్చి ఇచ్చింది.

అర్ధగంట అన్నది గంటన్నర అయింది. ముందు డీజే బండి, దాని వెనక ఎగిరే జనం, వాళ్ల వెనక గుల్నార్. పది అడుగులకొకసారి ఊరేగింపు ఆగుతోంది. తారు రోడ్డు మెత్తబడి కాలికి అంటుకుంటోంది. ఫజలుద్దీన్ రెండుసార్లు బకెట్‌తో నీళ్లు తాగించాడు. మూడుసార్లు యేసుదాసుతో, కదలమను తమ్మీ అన్నాడు. యేసుదాసు ముందుకు పోయి చేతులెత్తి దండం పెట్టి చెప్పాడు. కుర్రకారు సరేనన్నారు, ఇంకో పాట మొదలైంది.

బస్టాండు మలుపు దగ్గర ఫజలుద్దీన్ జూలు కింద చెయ్యి పెట్టి చూశాడు. కాసేపటి కింద చెమటతో తడిసి ఉన్న మెడ పొడిగా ఉంది. కాలిన పెంకులా ఉంది. గుర్రానికి చెమట ఆగిందంటే లోపల ఒళ్లు ఉడికిపోతోందని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"దిగు వెస్లీ! దిగు బిడ్డా, జల్ది!"

వెస్లీ వెంటనే దూకేశాడు. గుల్నార్ నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, ముక్కుపుటాలు విచ్చుకుని, ఎటూ కదలకుండా నిలబడింది. తర్వాత ముందుకాళ్లు మడిచి, ఎవరో కూర్చోమన్నట్టు కూర్చుని, పక్కకు ఒరిగిపోయింది. యేసుదాసు పరుగెత్తి డీజే తీగలు పీకేశాడు. అతని భార్య సత్తవ్వ పెళ్లివాళ్ల కోసం తెచ్చిన నీళ్ల క్యాన్లన్నీ తెప్పించి దాని మీద కుమ్మరించింది. ఆడవాళ్లు కొంగులతో విసిరారు. వెస్లీ తన పెళ్లి కోటు విప్పి తడిపి గుర్రం తల మీద కప్పాడు. పశువుల డాక్టరు వచ్చి సూదులిచ్చాడు, సెలైన్ ఎక్కించాడు, రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని చేయగలిగిందంతా చేశాడు. ఫజలుద్దీన్ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రపు నమాజుకు అసర్ అజాన్ అవుతుండగా గుల్నార్ ఊపిరి ఆగింది.

యేసుదాసు పెళ్లి భోజనాల దగ్గరికి పోలేదు. ట్రాక్టర్ తెచ్చి, గుల్నార్‌ను తన చేనుకు తీసుకుపోయి, పొద్దుగూకేలోపు గట్టు పక్కన గొయ్యి తవ్వాడు. ఫజలుద్దీన్, అతనూ కలిసి మట్టి వేశారు.

ఫిర్దోస్‌కు తల్లి ఫోనులో చెప్పింది. తర్వాత తండ్రి ఫోను తీసుకున్నాడు.

"నాలుగు నిమిషాలని నీకు చెప్పిన బేటీ. దాని డొక్కలు చూడుర్రని మీ కెమెరా పిలగానికి చెప్పిన. అందరికి చెప్పిన. నాకు నేను చెప్పుకోలే."

"నీ తప్పు కాదు, అబ్బా."

"తెల్వనోడు చేస్తే తప్పు కాదు. నాకు తెలుసు."

ఆ తర్వాత యేసుదాసు ఫజలుద్దీన్ ఇంటివైపు రాలేదు. సత్తవ్వ రెండుసార్లు వచ్చి మక్సూదా దగ్గర కూర్చుని పోయింది. వెస్లీ పెళ్లిఫోటోలలో గుర్రం ఉన్నవన్నీ యేసుదాసు పక్కన పెట్టేశాడని, రాత్రి అన్నం సరిగ్గా తినడం లేదని చెప్పింది. ఫజలుద్దీన్ ఒక నెల కొట్టం ఊడవలేదు. ఉలవల సంచి అలాగే మూతికట్టి ఉంది. వానలు పడ్డాక ఒక పొద్దున కర్ర పట్టుకుని, అప్పుడు విరిగిన కాలితో కుంటుకుంటూ తానే యేసుదాసు చేనుకు పోయాడు.

యేసుదాసు మొక్కజొన్నకు మట్టి ఎగదోస్తున్నాడు. ఆయన్ను చూసి పార కింద పెట్టి తల వంచుకున్నాడు.

"ఇంటికెందుకొస్తలేవ్?"

"ఏ మొఖం పెట్టుకొని రావాలె భాయ్? నా ఇంట్ల శుభకార్యం కోసం నీ గుర్రాన్ని చంపిన."

"నువ్వు అడిగినవ్. అడుగుడు నీ హక్కు. దాని పాణం ఎంతున్నదో నీకు తెల్వదు. నాకు తెలిసి తోల్కొచ్చిన. కాదని ఒక్క మాట అనొచ్చు నీతోని. అనలే. నిన్ను చిన్నబుచ్చుడు ఇష్టం లేక, దాని మీద వేసిన ఆ బరువు."

గట్టు పక్కన గుల్నార్‌ను పూడ్చిన జాగాను దున్నకుండా వదిలేశాడు యేసుదాసు. అక్కడ గరిక మొలిచింది. ఇద్దరూ దాని పక్కన తడి నేల మీదే కూర్చున్నారు. యేసుదాసు ఏడ్చాడు. ఫజలుద్దీన్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. తనకు మాత్రం ఏడుపు రాలేదు, ఆ తప్పు అంత సులువుగా తనను వదిలేది కాదనిపించింది.

దసరా ముందర ఫిర్దోస్ వచ్చింది. గేము దాదాపు తయారైంది. తండ్రికి చూపించాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చివరికి ఆయనే అడిగితే తెరిచింది. గుర్రాలు ఈసారి నడుస్తూ వచ్చాయి. తర్వాత పరుగు, చివర్లో దౌడు. ఈటెల గోడ ముందు పక్కకు తిరిగిపోయాయి. గుల్నార్‌కు ఎడమ వెనకకాలు కొంచెం ఈడ్చి వేసే అలవాటుండేది. తెర మీద వేల గుర్రాలు, తెల్లవీ నల్లవీ, అన్నీ ఆ ఎడమ వెనకకాలు అలాగే ఈడ్చి వేస్తున్నాయి. బాణాలు వచ్చినప్పుడు ముందుకాళ్లు మడిచి పక్కకు ఒరుగుతున్నాయి.

ఫజలుద్దీన్ కాసేపే చూడగలిగాడు. "బంద్ చెయ్ బేటీ."

ఫిర్దోస్ మూసేసింది. ఇంకో మాట చెప్పక తప్పదన్నట్టు మొదలుపెట్టింది. గేమును కొందరి చేత ముందుగా ఆడించి చూశారు. గుర్రాలు ఇంత తొందరగా అలసిపోతే ఆట ఏముంది, ఈటెలకు భయపడే గుర్రాలెందుకు అని చాలామంది విసుక్కున్నారు. ఆఫీసులో పెద్దాయన, మనం చరిత్ర పాఠం అమ్మడం లేదమ్మా అని, అలసట తీసేయమన్నాడు. నడక ఉంటుంది, ఊపిరి చప్పుడు ఉంటుంది. గుర్రాలు మాత్రం అలసిపోవు, ఆగవు.

"అంటే ఎంత ఉరికించినా ఉరుకుతనే ఉంటయా?"

"అవ్ అబ్బా."

"గట్లయితే ఊపిరి తీసెయ్యమను." ఆయన ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. "అలసిపోని గుర్రానికి రొప్పెందుకు? గది ఉత్తగ తీసిన ఊపిరి కాదు. అలసి, ఆగి, మళ్ల సర్దుకున్న ఊపిరి. అలసుడు లేదంటే గది అబద్ధమైతది. దాని పేరు మీద అబద్ధం వద్దు."

ఫిర్దోస్ తిరిగి పోయి నెల రోజులు కొట్లాడింది. ఉద్యోగం వదిలేస్తానని కూడా అంది. చివరికి పెద్దాయన ఒక మధ్యేమార్గం ఒప్పుకున్నాడు. మామూలుగా ఆడేవాళ్లకు ఊపిరి చప్పుడూ ఉండదు, అలసటా ఉండదు. అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఎంచుకున్నవాళ్లకు రెండూ ఉంటాయి. ఆ మెట్టు ఎంచుకునేవాళ్లు వందలో ఇద్దరో ముగ్గురో. ఫోనులో ఆమె ఈ సంగతి చెబితే ఫజలుద్దీన్, "చాలు," అని మాత్రం అన్నాడు.

మక్సూదా ఒకరోజు కూతురితో ఆ ఊపిరి చప్పుడు తన ఫోనుకు పంపించుకుంది. భర్త నమాజుకు పోయినప్పుడు జొన్నరొట్టెలు కొడుతూ, ఫోను గోడకు ఆనించి పెట్టుకుని వింది. గుల్నార్ ఉన్నన్నాళ్లూ రోజూ మొదటి రొట్టె దానిదే. చివర్లో ఆ పెద్ద నిట్టూర్పు వచ్చేసరికి పెనం మీద రొట్టె మాడిపోతున్నా చూసుకోలేదు. ఫజలుద్దీన్ మాత్రం ఒక్కసారి కూడా వినలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. గుర్రం కొనమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆయన కొనలేదు. పగటి బరాత్ ఎక్కడుందో కనుక్కుని, ఒక బకెట్, తడిపిన గోనెసంచి పట్టుకుని బయల్దేరడం మొదలుపెట్టాడు. యేసుదాసు తన మోపెడ్ మీద నీళ్ల డ్రమ్ము కట్టుకుని వెంట వస్తాడు. చాలాచోట్ల పెళ్లివాళ్లు విసుక్కుంటారు. అపశకునం మాటలు మాట్లాడొద్దని ఒకాయన మెడపట్టి తోసినంత పని చేశాడు.

మొన్న మే మూడో వారంలో బుచ్చిరాములు అనే అతను జమ్మికుంట నుంచి తెల్లగుర్రం తోలుకొచ్చాడు. ఫజలుద్దీన్ అడక్కుండానే దాని జూలు కింద చెయ్యి పెట్టాడు.

"ఎవలు నువ్వు? నా గుర్రం మీద చెయ్యేంది?"

"మెడ ఇంక తడిగనే ఉన్నది. ఇప్పుడే జర నీడకు తియ్యి. పెళ్లికొడుకును రెండు నిమిషాలు దించు."

"దించితే వాళ్లు ఊకుంటరా? నా పొట్ట మీద కొట్టకు పెద్దమనిషీ."

పెళ్లికొడుకు దిగలేదు. బుచ్చిరాములు దించలేదు. కానీ యేసుదాసు బకెట్ ముందు పెట్టాక గుర్రం వంగి తాగుతుంటే మాత్రం పగ్గం లాగలేదు. ఫజలుద్దీన్ తడి గోనె దాని మెడ మీద పరిచాడు. డీజే మళ్లీ మొదలైంది. ఊరేగింపు కదిలింది. ఫంక్షన్ హాలు ఇంకా అరమైలు ఉంది. ఒకరు కుంటుతూ, ఒకరు మోపెడ్ తోస్తూ, ఆ ఇద్దరు ముసలివాళ్లు గుర్రం పక్కనే నడిచారు.